కరివేపాకు మీద పురుగులకి మందు కొట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

మీరు అడిగింది ఇదీ: రెండేళ్ళుగా సీతాకోకచిలుకల కోసమని కుండీల్లో బంతి, లంటానా, పెంటాస్ పెంచుతున్నారు, పూలు బాగానే పూస్తున్నాయి, కానీ సీతాకోకలు ఎప్పుడో ఒకటీ అరా వచ్చి నిమిషం వాలి వెళ్ళిపోతున్నాయి. ఇంకోపక్క కరివేపాకు మొక్కని ఆకుపచ్చ పురుగులు మోడు చేసేస్తున్నాయి, వేపనూనె కొట్టినా మళ్ళీ వస్తున్నాయి, ఇంతకంటే గట్టి మందు ఏదైనా ఉందా అని.

మీ రెండు ప్రశ్నలూ ఒకే ప్రశ్న. ఆ కరివేపాకు మీద ఉన్నవే మీరు రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న సీతాకోకచిలుకలు. కాబట్టి మందు సంగతి ఆపేసి ముందు మొక్క దగ్గరికి వెళ్ళి చూడండి, ఇంకా ఏమైనా మిగిలి ఉన్నాయేమో. కరివేపాకు మీద మామూలుగా కనిపించేవి రెండు జాతులు. ఒకటి లైమ్ బటర్‌ఫ్లై, నలుపు మీద లేత పసుపు మచ్చలతో ఉంటుంది, రెండోది కామన్ మోర్మన్, నల్లటి రెక్కల మీద తెల్ల మచ్చల వరుస ఉంటుంది. ఈ రెండూ నిమ్మ, నారింజ, మారేడు, కరివేపాకు కుటుంబం మొక్కల మీదే గుడ్లు పెడతాయి. పిల్లపురుగులు మొదట్లో గోధుమ రంగు మీద తెల్ల చారతో అచ్చం పిట్టరెట్టలా ఉంటాయి, అందుకే చాలామంది వాటిని గుర్తుపట్టరు. చివరి దశకి వచ్చేసరికి ఆకుపచ్చగా, బొద్దుగా తయారవుతాయి. వేలితో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి, రెండుగా చీలిన కొమ్ములాంటిది బయటికి తీసి ఘాటు వాసన వదులుతాయి. అది చూసి భయపడకండి, కరవవు, కుట్టవు. చీమల్ని, చిన్న చిన్న శత్రువుల్ని బెదిరించడానికి వాటికి ఉన్న ఆయుధం అది.

ఇక్కడ మన మాట గురించి ఒక సంగతి చెప్పాలి. గొంగళిపురుగు అనే పేరు గొంగళిలా ఒళ్ళంతా బొచ్చున్న పురుగులకి పెట్టింది, ఆ బొచ్చు తగిలితే దురద పెట్టేవి ఎక్కువగా చిమ్మటల పిల్లలు. సీతాకోకల పిల్లలు చాలావరకు నున్నగా ఉంటాయి, లేదా మెత్తటి ముళ్ళతో ఉంటాయి. కానీ అన్నిటికీ అదే పేరు ఉండటం వల్ల అన్నిటి మీదా ఒకే రకం భయం పడిపోయింది. ఈ జవాబులో నేను కూడా అలవాటుగా గొంగళిపురుగు అనే అంటాను కానీ మీరు ఆ బొచ్చుని మాత్రం మనసులోంచి తీసేయండి.

మరి పూలు ఉన్నా సీతాకోకలు ఎందుకు నిలవట్లేదు? పూలు వాటికి దారిలో మంచినీళ్ళ లాంటివి. తాగి ముందుకి వెళ్ళిపోతాయి. అవి ఒక చోట తిరుగుతూ ఉండాలంటే అక్కడ పిల్లలకి తిండి దొరకాలి, ఆ తిండి ఆకు, అది కూడా ఏ ఆకు పడితే ఆ ఆకు కాదు. తల్లి సీతాకోక ఒక ఆకు మీద వాలి ముందుకాళ్ళతో టకటకా కొట్టి రుచి చూస్తుంది. నిజంగానే రుచి చూడటం, ఎందుకంటే వాటికి రుచి తెలిసేది కాళ్ళతో కూడా. తన జాతికి పనికొచ్చే ఆకు అయితేనే గుడ్డు పెడుతుంది, లేకపోతే ఇంకో మొక్కకి వెళ్తుంది. ప్రతి మొక్కా పురుగులు తినకుండా తన ఆకులో ఏదో ఒక విషమో చేదో దాచుకుంటుంది, ఒక్కో సీతాకోక జాతి తరతరాలుగా కొన్ని మొక్కల విషాన్ని తట్టుకోవడం నేర్చుకుని వాటికే అంటిపెట్టుకుపోయింది. పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1964లో ఈ సంగతిని సీతాకోకలనే ఉదాహరణగా తీసుకుని వివరించారు, ఆ తర్వాత దాని మీద చాలా పరిశోధన జరిగింది. తోటపని చేసేవాళ్ళకి దాని అర్థం ఒకటే: ఎక్కడి నుంచో తెచ్చిన అలంకారపు మొక్క ఎంత అందంగా పూసినా దాని ఆకు మన సీతాకోకల పిల్లలకి చాలావరకు తిండి కాదు. మన నేలలో వాటితో పాటే పుట్టి పెరిగిన మొక్క కావాలి. తోటవాళ్ళు వీటిని హోస్ట్ మొక్కలు అంటారు.

నేను ఈ పని మొదలుపెట్టి పన్నెండేళ్ళు దాటింది. మొదటి మూడేళ్ళు నేనూ పూలే పెంచాను, మీరు చెప్పిన అనుభవమే నాదీ. మార్పు మొదలైంది ఒక జిల్లేడు మొక్కతో. గోడ పక్కన దానంతట అదే మొలిచింది, పీకేద్దామని వంగితే ఆకు అడుగున తెలుపు, నలుపు, పసుపు చారలతో, వీపు మీద మూడు జతల నల్లటి పోగులతో ఒక పురుగు కనిపించింది. పీకలేదు. అది ప్లెయిన్ టైగర్, నారింజ రంగు రెక్కలు, నల్ల అంచు, కొసల్లో తెల్ల మచ్చలు, మీరు తప్పకుండా చూసే ఉంటారు. ఆ వర్షాకాలం అయ్యేలోపు ఆ ఒక్క జిల్లేడు మీద నుంచి ఎన్నో ఎగిరివెళ్ళాయి, ఎగిరినవి అక్కడక్కడే తిరుగుతూ మళ్ళీ అదే మొక్క మీద గుడ్లు పెట్టడం నా కళ్ళతో చూశాను. ఆ రోజు నుంచి నేను పువ్వుని చూసి మొక్క కొనడం మానేశాను.

జిల్లేడు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మొదలుపెట్టేవాళ్ళకి దాన్ని మించిన మొక్క లేదు. నీళ్ళు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, ఏ నేలలోనైనా బతుకుతుంది. దాని పాలలో గుండె మీద పనిచేసే విషాలుంటాయి. ప్లెయిన్ టైగర్ పిల్ల ఆ విషాన్ని తట్టుకోవడమే కాక తన ఒంట్లో దాచుకుంటుంది, పెద్దయ్యాక కూడా అది ఉండటం వల్ల పిట్టలు ఒకసారి రుచి చూసి మళ్ళీ దాని జోలికి రావు. అందుకే అది అంత తాపీగా, భయం లేకుండా ఎగురుతుంది. పాలు మరీ ఎక్కువ ఉన్న ఆకు దొరికితే పురుగు ముందు ఈనెలని కొరికి పాలు కారిపోనిచ్చి తర్వాత తింటుంది, ఓపికగా కూర్చుంటే ఇది మీకూ కనిపిస్తుంది. మీరు మాత్రం జిల్లేడు కొమ్మలు కత్తిరించేటప్పుడు జాగ్రత్త, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. చేతికి తొడుగు వేసుకోండి, అయ్యాక సబ్బుతో కడుక్కోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళకి అందని మూల పెట్టండి.

ఇప్పుడు ఏ మొక్క పెడితే ఏది వస్తుందో నాకు తెలిసినంతలో చెప్తాను. మీరు కుండీలన్నారు కాబట్టి అందులో పెరిగేవి ముందు. కరివేపాకు మీ దగ్గర ఉంది, దాన్ని ఒకటి నుంచి మూడు నాలుగు చేయండి, ఎందుకంటే కుండీలో ఉన్న ఒక చిన్న మొక్క నాలుగైదు పెద్ద పురుగులకి వారం కూడా చాలదు, అవి ఆకంతా అయిపోయి ఆకలితో చనిపోతాయి. ఇంటి వాడకానికి ఒక మొక్క పైన పాత దోమతెర కప్పేసి మిగతావి వాటికి వదిలేయండి, ఇలా చేస్తే ఎవరి వాటా వాళ్ళకి ఉంటుంది. చిత్రమూలం పెడితే జీబ్రా బ్లూ అనే చిన్న చారల సీతాకోక దాని మొగ్గల మీద గుడ్లు పెడుతుంది, తెల్ల పూలకి మిగతావి కూడా వస్తాయి. ముళ్ళగోరింట పెడితే లెమన్ పాన్సీ లాంటి పాన్సీలు వస్తాయి, రెక్కల మీద కళ్ళలాంటి బొమ్మలు ఉండేవి. పావిలాకు అనే గంగవాయిల కుండీలో దానంతట అదే మొలుస్తుంది, దాన్ని కలుపని పీకకండి, డనాయిడ్ ఎగ్‌ఫ్లై పిల్లలు దాన్ని తింటాయి. రత్నపురుష అనే చిన్న మొక్క, గులాబి రంగు ఒకే రేకు నాలుకలా వేలాడుతుంటుంది, అది ఉంటే టానీ కోస్టర్ వస్తుంది.

నేల ఉంటే ఆశలు పెరుగుతాయి. తంగేడు, రేల ఉంటే ఎమిగ్రెంట్లు, లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన తెలుపులో వేగంగా ఎగిరేవి. వీటి పిల్లలు ఆకు రంగులో పూర్తిగా కలిసిపోతాయి, గుడ్లు మాత్రం లేత చిగురు మీద నిలబెట్టిన సన్నటి గింజల్లా కనిపిస్తాయి. ఆముదం మొక్క మీద కామన్ కాస్టర్, దాని గుడ్డుని భూతద్దంతో చూడండి, చుట్టూ నూగు ఉంటుంది, నేను మొదటిసారి చూసి బూజు పట్టిందేమో అనుకున్నాను. నర్సరీల్లో అశోక అని అమ్మే నిటారు నరమామిడి చెట్టు మీద టెయిల్డ్ జే, నలుపు మీద పచ్చ మచ్చలతో, తేనె తాగేటప్పుడు కూడా రెక్కలు ఆపకుండా కొట్టుకుంటూ ఉంటుంది, ఫొటో తీయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. సుగంధపాల, గన్నేరు మీద కామన్ క్రో. రెక్కలు ముదురు గోధుమ రంగులో ఏమంత ప్రత్యేకంగా ఉండవు కానీ దాని ప్యూపా (పురుగు సీతాకోకగా మారేముందు కదలకుండా ఉండే దశ) మాత్రం అద్దంలా, పోత పోసిన బంగారంలా మెరుస్తుంది, చెట్టుకి ఎవరో నగ తగిలించారా అనిపిస్తుంది. ఒక్కటి చూస్తే చాలు, ఆ ఏడంతా ఆకుల అడుగున వెతుకుతూనే ఉంటారు.

మామిడి చెట్టు ఉంటే కామన్ బారన్ పిల్లని వెతకండి. వెతకండి అని ఊరికే అనట్లేదు, అది ఎదురుగా ఉన్నా కనపడదు. ఒంటికి రెండు వైపులా ఈకల్లాంటి పొడవాటి ముళ్ళుంటాయి, వీపు మీద పసుపు గీత ఉంటుంది, ఆ గీతని సరిగ్గా ఆకు నడిమి ఈనె మీదకి తెచ్చి పడుకుంటుంది. ముళ్ళు ఆకు మీద పరుచుకుని నీడ కూడా పడనివ్వవు. ఆ చెట్టు మీదే బదనిక, అంటే చెట్టు కొమ్మల మీద పట్టి దాని రసంతో బతికే మొక్క, ఉంటే దయచేసి మొత్తం కొట్టేయకండి. బదనిక చెట్టుకి భారమే, నిజమే, ఎక్కువైతే కొమ్మలు ఎండిపోతాయి, కొంత తీయాల్సిందే. కానీ కామన్ జెజెబెల్ అనే సీతాకోక, కింద రెక్కల అడుగున పసుపు, అంచున ఎర్రటి మచ్చలతో ఎవరో పొద్దున్నే రంగులు వేసినట్టుండేది, దాని పిల్లలు బతికేది ఆ బదనిక ఆకు మీదే. ఒక గుత్తి వదిలేయండి, చెట్టుకి ఏమీ కాదు.

ఇక ఈశ్వరి తీగ. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా విలువైన మొక్క, అలాగే అన్నిటికన్నా జాగ్రత్తగా తెచ్చుకోవాల్సిన మొక్క. కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే రెండు ఎర్ర ఒంటి సీతాకోకలు ఈ కుటుంబం మొక్కల మీద తప్ప ఇంక దేని మీదా పెరగవు. నేల మీద పాకే గాడిదగడపాకు కూడా ఇదే కుటుంబం. అడవిలోంచి వేళ్ళతో పీకి తేవద్దు, మందు కోసమని పీకి పీకి ఇప్పటికే చాలాచోట్ల కరువైపోయింది. విత్తనమో, పెంచుతున్నవాళ్ళ దగ్గర అంటో తీసుకోండి. ఆకుని ఇంటి వైద్యానికి వాడటం కూడా వద్దు, ఇందులో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాల్ని పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, నర్సరీల్లో ఇదే కుటుంబానికి చెందిన పెద్ద పెద్ద మచ్చల పువ్వుల విదేశీ తీగ అమ్ముతుంటారు, పువ్వు వంకర తిరిగిన గొట్టంలా, ముదురు ఊదా గీతలతో వింతగా ఉంటుంది. అది కొనకండి. ఆస్ట్రేలియాలో బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకలు వాసన చూసి మోసపోయి ఆ తీగ మీద గుడ్లు పెడితే, పుట్టిన పిల్లలు ఆ ఆకు తిని చచ్చిపోతున్నాయని అక్కడివాళ్ళు దాన్ని వెతికి వెతికి పీకేస్తున్నారు. బంధువు మొక్కే కదా అని పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఈశ్వరి ఉన్న తోటలో చూడటానికి ఒక అద్భుతం ఉంటుంది. ఇందాక చెప్పిన కరివేపాకు మీది కామన్ మోర్మన్ ఉంది కదా, దానికి విషం లేదు, పిట్టలకి మంచి తిండి. కానీ దాని ఆడవాటిలో కొన్ని మగదానిలా ఉంటాయి, కొన్ని అచ్చం కామన్ రోజ్ లా, ఇంకొన్ని క్రిమ్సన్ రోజ్ లా ఉంటాయి. ఒకే తల్లి పిల్లల్లోనే వేరు వేరు వేషాలు పుట్టచ్చు. డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు ఈ వేషాన్ని నడిపిస్తోందని 2014లో తేల్చారు. మీ ముందు ఎగిరేది అసలా, వేషమా అని తెలుసుకోవడం తేలిక: రెక్కలు చూడకండి, ఒళ్ళు చూడండి. ఒళ్ళు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే వేషం వేసుకున్న మోర్మన్. జిల్లేడు దగ్గర కూడా ఇదే నాటకం, డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది ప్లెయిన్ టైగర్ వేషంలో తిరుగుతుంది, మగదేమో నల్ల రెక్కల మీద పెద్ద తెల్లటి చుక్కలతో అసలు సంబంధమే లేనట్టు ఉంటుంది.

పూల సంగతి. మీ పెంటాస్, బంతి ఉండనివ్వండి, పీకాల్సిన పనిలేదు, తేనె విషయంలో సీతాకోకలకి అంత పట్టింపు లేదు. కానీ రేకుల మీద రేకులు ముద్దగా ఉండే హైబ్రిడ్ బంతిలో తేనె దాకా వాటి గొట్టం వెళ్ళే దారే ఉండదు, ఒంటి రేకు రకం పెట్టండి. లంటానా మాత్రం తీసేయమనే నా మాట. సీతాకోకలు దానికి విపరీతంగా వస్తాయి, నాకు తెలుసు, అది వద్దంటే చాలామంది నాతో వాదిస్తారు కూడా. అయితే అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి 19వ శతాబ్దం మొదట్లో తోట అందం కోసం తెచ్చిన ఆ మొక్క ఇప్పుడు అడవుల్ని అల్లుకుపోయింది, దాని పళ్ళు పిట్టలు తిని విత్తనాలు ఎక్కడెక్కడో వేస్తాయి, అది మొలిచిన చోట మన హోస్ట్ మొక్కలకి చోటు ఉండదు. మీ ఇంట్లో పది సీతాకోకలకి తేనె ఇచ్చి బయట వాటి పిల్లల తిండి పోగొట్టడం ఎందుకు? దాని బదులు ఎర్ర నూరువరహాలు పెట్టండి, నాటు రకం, పొడవాటి గొట్టాల పూలు మోర్మన్లకి ప్రాణం. తుమ్మి పూలు, సహదేవి, వావిలి, ఇవన్నీ చిన్న సీతాకోకలకి మంచివి. గడ్డి చామంతి మన మొక్క కాదు కానీ ఎక్కడ చూసినా ఉంది, దాన్ని నేను అంతగా పట్టించుకోను.

నాగదంతి అని ఒక మొక్క ఉంటుంది, పూల గుత్తి తేలు తోకలా చుట్టుకుని ఉంటుంది. చూడటానికి కలుపు మొక్క. దాన్ని ఒక్కసారి వాడనిచ్చి చూడండి. ప్లెయిన్ టైగర్, బ్లూ టైగర్, క్రో మగవి ఆ వాడిన ఆకుల మీద వాలి గీకి గీకి రసం పీలుస్తాయి. అందులో ఉండే ఆల్కలాయిడ్లతో (మొక్క తన రక్షణకి తయారుచేసుకునే రసాయనాలు) అవి ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకుంటాయి. జనుము, గిలిగిచ్చ మొక్కలతో కూడా ఇంతే. పువ్వు లేని ఎండుకొమ్మ మీద పది సీతాకోకలు మూగి ఉంటే కారణం ఇదే, తోటలో నేను చూసే దృశ్యాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా ఇదే.

నీళ్ళ గురించి అందరూ చెప్తారు, గిన్నెలో నీళ్ళు పెట్టమని. గిన్నెలో నీళ్ళు సీతాకోకకి పనికిరావు. దానికి కావాల్సింది తడి మట్టి. వెడల్పాటి పళ్ళెంలో ఇసుక, కాస్త పశువుల ఎరువు, చిటికెడు ఉప్పు కలిపి తడిగా ఉంచండి. వచ్చేవి ఎక్కువగా మగవే, ఆకుల్లో, తేనెలో దొరకని సోడియం కోసం వస్తాయి, దాన్ని జతకట్టేటప్పుడు ఆడదానికి ఇస్తాయి, అక్కడి నుంచి గుడ్లకి చేరుతుంది. ఇంకో పళ్ళెంలో బాగా మగ్గిపోయిన పండు ముక్కలు నీడలో పెట్టండి, బారన్, ఈవెనింగ్ బ్రౌన్ లాంటివి పూల మొహం పెద్దగా చూడవు, వీటికే వస్తాయి. చీమలు పట్టకుండా ఆ పళ్ళెం కింద నీళ్ళ పళ్ళెం పెట్టుకోండి.

కుండీలు పెట్టే చోటు కూడా ముఖ్యం. రోజుకి కనీసం ఐదారు గంటలు ఎండ పడాలి, గాలి నేరుగా కొట్టకూడదు. సీతాకోక ఒళ్ళు ఎండకి వెచ్చబడితే తప్ప ఎగరలేదు, అందుకే పొద్దున్నే రెక్కలు చాపి ఎండలో కూర్చుంటుంది. అక్కడ ఒక చదును రాయి వేయండి. ఒక్కో రకం ఒక్కో కుండీ దూరదూరంగా పెట్టడం కన్నా ఒకే రకం మూడు నాలుగు ఒక్కచోట పెడితే వాటికి దూరం నుంచే తెలుస్తుంది. ఒక మూల ఊడవకుండా, కలుపు తీయకుండా వదిలేయండి, గడ్డి మీద బతికే జాతులు ఎన్నో ఉన్నాయి, పైగా రాలిన ఆకుల్లో, ఎండుకొమ్మల మీద ప్యూపాలు ఉంటాయి.

మందుల విషయం ఇంకోసారి. వేపనూనె సహజం కాబట్టి పర్వాలేదనుకుంటారు, అందులోని అజాడిరాక్టిన్ పురుగు చర్మం మార్చుకోకుండా అడ్డుపడుతుంది, గొంగళిపురుగుకి చర్మం మార్చుకోవడమే ఎదుగుదల. బీటీ పొడి అని సేంద్రియ సాగుకి అమ్మేది కూడా గొంగళిపురుగుల్ని చంపడానికే తయారైంది. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కలకి లోపలికి ఇంకే మందులు వాడి ఉండచ్చు, పైన కడిగితే పోవు. నేను ఒకసారి తెచ్చిన రోజే మొక్కని మిగతావాటి మధ్య పెట్టాను, వారంలో దాని మీద పుట్టిన ప్లెయిన్ టైగర్ పిల్లలన్నీ వణుకుతూ రాలిపోయాయి. అప్పటి నుంచి కొత్త మొక్కని కొన్ని నెలలు దోమతెర కింద విడిగా ఉంచి, పాత ఆకులు రాలి కొత్త ఆకులు వచ్చాకే బయట పెడుతున్నాను. వీలైతే విత్తనం నుంచే పెంచుకోండి, టెన్షన్ ఉండదు. జిల్లేడు మీద పసుపు పేను పడితే నీళ్ళ ధారతో కడిగేయండి, ముందు గుడ్లు, పిల్లలు లేవని చూసుకుని.

పురుగుల్ని ఇంట్లో పెట్టెలో పెంచాలా అని తర్వాత మీరే అడుగుతారు, అందరూ అడుగుతారు. నేనూ పెంచాను. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఎక్కువ పురుగుల్ని వేసి, రెట్టలు తీయకుండా, తడి పట్టనిచ్చి ఒకే రాత్రిలో అన్నిటినీ పోగొట్టుకున్నాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. పిల్లలకి చూపించడానికి ఒకటో రెండో, గాలి ఆడే జాలీ పెట్టెలో, రోజూ తాజా కొమ్మ మార్చి, శుభ్రం చేసి పెంచండి, అంతకన్నా వద్దు. మిగతావి మొక్క మీదే ఉండనివ్వండి. అక్కడ సాలీళ్ళు తింటాయి, కందిరీగలు ఎత్తుకుపోతాయి, గొల్లభామలు పట్టుకుంటాయి, కొన్నిటి ఒంట్లో సన్నటి పరాన్నజీవి కందిరీగలు గుడ్లు పెట్టి లోపలి నుంచే తినేస్తాయి. పెట్టిన గుడ్లలో ఎగిరేదాకా వచ్చేవి చాలా కొద్ది. మొదట్లో నాకు ఇది చూస్తే ఏడుపొచ్చేది. తర్వాత గూట్లో పిల్లల కోసం పిట్ట ఒక పురుగుని ముక్కున పెట్టుకుని వెళ్ళడం చూశాను, ఆ పిల్లలు కూడా ఈ మొక్క మీదే బతుకుతున్నాయని అర్థమైంది. సాయం చేయాలంటే హోస్ట్ మొక్కల సంఖ్య పెంచండి, శత్రువుల్ని చంపకండి.

చూడటం ఎలా అన్నది కూడా కాస్త నేర్చుకోవాలి. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా, ముందురోజు వాన పడి ఎండ కాస్తే ఇంకా మంచిది. వర్షాలు మొదలైన నెల రోజుల నుంచి చలి ముదిరేదాకా ఎక్కువ కనిపిస్తాయి, నడి వేసవిలో తగ్గిపోతాయి, కంగారు పడకండి. వంగి, నెమ్మదిగా, మీ నీడ దాని మీద పడకుండా వెళ్ళండి. పువ్వు మీద కూర్చున్నదాన్ని అందరూ చూస్తారు, మీరు ఆకుల మధ్య తారాడుతూ ఎగిరేదాన్ని చూడండి, కిందకీ పైకీ తచ్చాడుతూ ఒక్కో ఆకుని తాకుతూ పోతుంటే అది గుడ్లు పెట్టబోతున్న తల్లి. అది పొట్ట కొస వంచి ఆకుకి ఆనించి లేచాక వెళ్ళి ఆ ఆకు చూడండి. లైమ్ బటర్‌ఫ్లై అయితే లేత పసుపు రంగు చిన్న ముత్యం లాంటిది ఉంటుంది. తేదీ రాసుకోండి. వేడి రోజుల్లో మూడు నుంచి ఐదు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది, వచ్చీ రాగానే తన గుడ్డు పెంకునే తింటుంది. రెండు మూడు వారాలు తిని, నాలుగుసార్లు చర్మం విడిచి, ఐదో దశ చివర తిండి మానేసి పల్చటి రెట్ట వేసి మొక్క దిగి నడక మొదలుపెడుతుంది. అప్పుడే చాలామంది అది పారిపోయిందనో, పిట్ట తినేసిందనో అనుకుంటారు.

మీ మొక్క మీద పెద్ద పురుగులు మాయమైపోయి ఉంటే మందుకి చచ్చాయని అప్పుడే అనుకోవద్దు. కుండీ అంచు అడుగున, పక్క మొక్క కొమ్మ మీద, గోడ మీద, పిట్టగోడ కింద వెతకండి. నడుముకి సన్నటి దారం కట్టుకుని తలపైకెత్తి వాలినట్టుండే ప్యూపా కనిపిస్తుంది, ఆకుల మధ్య ఉంటే పచ్చగా, గోడ మీదైతే గోధుమ రంగులో. ముట్టుకోకండి, అటు నీళ్ళ పైపు పెట్టకండి, మిగిలిన పురుగులకి ఆకు అయిపోతే మందు కొట్టని నిమ్మ కొమ్మో మారేడు కొమ్మో తెచ్చి కుండీలో గుచ్చండి. ప్యూపా రంగు ముదిరి లోపలి రెక్కల నలుపు, పసుపు మచ్చలు పెంకు మీదకి కనిపించడం మొదలైతే అలారం పెట్టుకుని మర్నాడు పొద్దున్నే లేవండి. తడిసి ముడతలు పడ్డ రెక్కలతో బయటికొచ్చి వేలాడుతుంది, కింద ఎర్రటి చుక్కలు పడితే అది రక్తం కాదు, లోపల మిగిలిన వ్యర్థం. గంటా రెండు గంటలు పట్టచ్చు రెక్కలు ఆరడానికి. ఆ పూటకి మిగతా పనులేవీ పెట్టుకోకండి.